కాంటా గదిలో కామ్ నంబరు

జమ్మికుంట పత్తి మార్కెట్‌కు గానీ, సుల్తానాబాద్ రైస్ మిల్లుకు గానీ సరుకుతో వచ్చిన లారీ ముందు కాంటా ఎక్కాలి. చాలా కాంటాల్లో కింది లోడ్ సెల్‌లు పట్టిన బరువు ఇండికేటర్‌కు, అక్కడినుంచి తొమ్మిది పిన్నుల సీరియల్ కేబుల్ మీద కంప్యూటర్‌కు వస్తుంది. ఇండికేటర్‌లో అంకె కనబడుతూ కంప్యూటర్ తెర మీద సున్నా ఉంటే కేబుల్ తర్వాత అనుమానించాల్సింది సీరియల్ పోర్టు నంబరునే, అంటే కామ్ నంబరునే.

ఈ సీరియల్ కేబుల్ పాటించే ఆర్ఎస్-232 ప్రమాణం 1960లో అమెరికాలో వచ్చింది. ఏ తీగ మీద ఏ సంకేతం నడవాలో చెప్పింది గానీ పోర్టుకు నంబరు పెట్టలేదు. ఆ పని 1981లో ఐబీఎం పీసీ మీద పడింది. మొదటి పోర్టు చిరునామా 3ఎఫ్8, రెండోది 2ఎఫ్8. అయితే మెషీన్ ఆన్ కాగానే బయోస్ ఈ చిరునామాలను వెతికి, దొరికినవాటిని వరుసగా పట్టికలో రాసుకునేది. 3ఎఫ్8లో ఏమీ లేకపోతే 2ఎఫ్8లోని కార్డే కామ్1 అయిపోయేది. అంటే నంబరు పోర్టుది కాదు, దొరికిన వరుసది. ఆ తర్వాతి తగాదాలన్నిటికీ మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

కామ్3, కామ్4 వచ్చాక ఇంకో చిక్కు. వాటికి వేరే ఇంటరప్ట్ లైన్లు లేవు. కామ్1, 3 నాలుగో లైనును, కామ్2, 4 మూడో లైనును పంచుకున్నాయి. కామ్1లో మౌస్ పెట్టి కామ్3లో మోడెం పెడితే రెండూ మొండికేసేవి. జంపర్ పీకి మార్చడమే మందు.

1991లో వచ్చిన లైనక్స్ సున్నా నుంచి లెక్కపెట్టింది. అక్కడ కామ్1 అంటే టీటీవైఎస్0. చిరునామాలు కెర్నెల్ పట్టికలోనే ఉన్నందున మొదటి నాలుగూ కదిలేవి కావు. అదనపు కార్డు పోర్టులు టీటీవైఎస్4 నుంచి మొదలవుతాయి. కెర్నెల్ నడిచేటప్పటి అమరికలో నాలుగు పోర్టులకే చోటు ఉంటే మాత్రం అవి కనిపించకపోవచ్చు. బూట్ సమయంలో 8250 డ్రైవర్‌కు ఎన్‌ఆర్_యూఆర్ట్స్ విలువ పెంచితే వస్తాయి. ఇంకో ఆపరేటింగ్ సిస్టం ఫ్రీబీఎస్‌డీ కథ వేరు. ఏసీపీఐ వచ్చాక మదర్‌బోర్డు తయారీదారు పట్టికలో రాసిన వరుసే నంబరైంది. సున్నా, ఒకటి తారుమారైన మెషీన్లలో కన్సోల్ వేరే పోర్టుకు పోయేది. చిరునామాను చూసి నంబరును కట్టేసే హింట్లు తర్వాత దారికి తెచ్చాయి.

యూఎస్‌బీ కన్వర్టర్లు ఆ కాస్త స్థిరత్వాన్నీ తీసేశాయి. చవక కన్వర్టర్‌లో సీరియల్ నంబరు ఉండదు. దాన్ని వేరే సాకెట్‌లో గుచ్చితే విండోస్ కొత్త పరికరమనుకుని కొత్త కామ్ నంబరిస్తుంది, పాతదాన్ని రిజిస్ట్రీలో దాచుకుంటుంది. అలా కామ్9 దాటితే కొన్ని పాత సాఫ్ట్‌వేర్‌లు పోర్టును తెరవనే లేవు, ఎందుకంటే రెండంకెల నంబరును ఇంకో తీరులో పిలవాలి. లైనక్స్‌లోనైతే బరువు చదువుతున్న ప్రోగ్రాం టీటీవైయూఎస్‌బీ0ను పట్టుకుని ఉండగా కన్వర్టర్ ఒక్కసారి ఊడి తగిలితే చాలు, అది టీటీవైయూఎస్‌బీ1గా తిరిగొస్తుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే చోట ఇది జరగడానికి ఎంతసేపు!

లైనక్స్‌లో పరికరాలకు పేర్లు పెట్టే యూడెవ్ 2003లో మొదలై ఈ పేర్లను కెర్నెల్ వరుస నుంచి విడదీసింది. డెవ్‌లోని సీరియల్, బై-ఐడీ దారిలో పరికరం సొంత గుర్తింపుతోనే దొరుకుతుంది. కానీ ఒకే రకం కన్వర్టర్లు రెండు పెట్టి, రెండింటికీ సీరియల్ నంబరు లేకపోతే బై-ఐడీలో పేరు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు బై-పాత్ వాడాలి. అది సాకెట్‌ను బట్టి పేరు పెడుతుంది కాబట్టి ఏ కాంటా తీగ ఏ సాకెట్‌లో ఉండాలో ముందే తేల్చుకోవాలి.