తాతకు తాత పేరు

ఇంగ్లండు జనాభా లెక్కల కాగితాల్లో 'ఏజీ ల్యాబ్' అన్న పొట్టి మాట అడుగడుగునా తగులుతుంది. అగ్రికల్చరల్ లేబరర్ అని పూర్తిగా రాయలేక అక్కడి గణకులు వాడుకున్న కురచ రూపం అది. మన మాటలో చెప్పాలంటే వ్యవసాయ కూలీ. దుబాయిలో మా ఆఫీసులో పనిచేసిన ఒక ఇంగ్లీషాయన వల్ల నాకీ మాట తెలిసింది. ఆయనది నార్ఫోక్ ప్రాంతం. రిటైర్మెంటు దగ్గరపడే కొద్దీ ఆయనకు వంశవృక్షం పిచ్చి పట్టుకుంది. భోజనాల వేళ కంప్యూటర్ తెరిచి, "ఇదిగో మా తాతకు తాత, 1881లో వయసు ఇంత, వృత్తి ఏజీ ల్యాబ్, భార్య పేరు ఇది, పిల్లలు ఆరుగురు" అని చూపించేవాడు. కూలివాడి మనవడినని చెప్పుకోవడంలో ఆయనకి ఏ మొహమాటమూ లేదు. ఎనిమిదో హెన్రీ కాలంలో, 1538లో, ప్రతి చర్చీలోనూ జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు పుస్తకంలో రాయాలని ఉత్తర్వు వచ్చింది. 1837 నుంచి ప్రభుత్వమే జననమరణాలు నమోదు చేయడం మొదలుపెట్టింది. 1841 నుంచి జనాభా లెక్కల్లో ఇంట్లో ఉన్న ప్రతి మనిషి పేరూ రాశారు. నూరేళ్ళు దాటాక ఆ కాగితాలు అందరికీ చూపిస్తారు. 1921 నాటివి 2022 జనవరిలో బయటికి వచ్చాయి. గొర్రెలు కాచుకున్నవాడైనా సరే, ఓపికుంటే రెండు మూడు వందల ఏళ్ళ వెనక్కి వెళ్ళొచ్చన్నమాట.

మాతో కూర్చునే మూడో మనిషి డర్బన్ నుంచి వచ్చిన అమ్మాయి. అమ్మాయంటే నా ఈడుదే లెండి. ఆమె ఇంటిపేరులో 'అప్పల' అని ఉంది. తెలుగు రాదు, కాని తాము తెలుగువాళ్ళమని తెలుసు. ఇంగ్లీషాయన హడావుడి చూసి ఆమెకీ ఉత్సాహం పుట్టింది. మూడు వారాలు తిరక్కుండానే ఒక కాగితం ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టింది. "ఇది మీరు చదివి చెప్పాలి" అంది.

అది ఓడ పట్టీలో ఒక వరస. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ రేవు చేరింది. అక్కణ్ణుంచి 1911 దాకా మొత్తం 1,52,184 మంది ఒప్పందపు కూలీలుగా నేటాలుకు వెళ్ళారు. వాళ్ళలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసులో ఓడ ఎక్కినవాళ్ళే. చెరకు తోటల్లో అయిదేళ్ళ ఒప్పందం. మొదటి ఏడాది నెలకి పది షిల్లింగులు, ఆపైన ఏటా ఒక షిల్లింగు పెంపు. ప్రతి మనిషికీ ఒక నంబరు. నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద గుర్తులు. ఆమె తాతకు తాతకి ఎడమ కాలి పిక్క మీద మచ్చ ఉండేదట. ఆ ముక్క చదివినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

ఇంటిపేరు గడి మాత్రం ఆ పట్టీలో లేదు. గుమాస్తాకి ఇంటిపేరుతో పనేముంది? అందువల్ల తాత సొంతపేరే తర్వాతి తరాలకి ఇంటిపేరై కూర్చుంది. ఇది ఆమె ఒక్కదాని కథే కాదు. మారిషస్‌లోనూ తెలుగువాళ్ళలో ఇలా జరిగింది. అక్కడ 1860ల తర్వాత కూలీల ఫోటోలు కూడా తీసి భద్రపరిచారు. మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ దస్తరాలున్నాయి.

ఆమె కాగితంలో జిల్లా 'గంజాం', తాలూకా 'చికాకోల్' అని ఉంది. పాపం ఆమె అప్పటికే ఒరిస్సాలో బరంపురానికి ఉత్తరాలు రాసి, జవాబు రాక విసిగిపోయి ఉంది. చికాకోల్ అంటే మా శ్రీకాకుళమే! 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా అది గంజాం జిల్లాలో ఉండేది. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో తనే జిల్లా అయింది. ఊరు ఒక్క అంగుళం కదలకుండా మూడు జిల్లాలు మారింది. బయటి దేశం నుంచి వెతుక్కునేవాళ్ళకి ఇదెలా తెలుస్తుంది?

ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో నలిగిపోయి 'పేట' ఒక్కటే మిగిలింది. పేట ముందున్నది 'గుజ్జు' కావచ్చు, 'గొజ్జ' కావచ్చు. మా వైపు పేటలకి కొదవేముంది! కాని మనిషి పేరే సగం దారి చూపిస్తుంది. 'అప్పల' అంటే సింహాద్రి అప్పన్న. పైడయ్య, పైడిరాజు వంటి పేర్లు వింటే విజయనగరం పైడితల్లి, నూకరాజు అంటే అనకాపల్లి నూకాలమ్మ, కోటయ్య అంటే గుంటూరు వైపు కోటప్పకొండ గుర్తొస్తాయి. తెలుగువాడికి ఇవి చెప్పక్కర్లేదు. డర్బన్ ఆర్కైవ్స్‌లో కూర్చున్నవాళ్ళకి మాత్రం ఇవి ఉత్త అక్షరాలు. కులం గడిని అంతగా నమ్మొద్దని కూడా ఆమెకు చెప్పాను. రేవులో ఎవరేం చెప్పుకున్నారో, గుమాస్తా ఏం విన్నాడో ఎవరికెరుక? పెద్దలు మెచ్చే కులం చెప్పుకున్నవాళ్ళూ ఉంటారు, తోటపనికి పనికొస్తాడనిపించే కులం చెప్పినవాళ్ళూ ఉంటారు.

"మరి మీ తాతకు తాత?" అని ఇంగ్లీషాయన నన్నడిగాడు.

మాదీ ఆ తాలూకాయే. మావాళ్ళూ అప్పట్లో కూలినాలి చేసుకున్నవాళ్ళే. మా నాన్న తద్దినంలో పంతులుగారు మూడు తరాల పేర్లు అడిగినప్పుడు ముత్తాత పేరు దగ్గర మా బాబాయికీ పెద్దత్తకీ వాదులాట జరిగింది. ఒకరు ఎర్రయ్య అన్నారు, ఒకరు ఎర్రన్న అన్నారు. ఆ పైన ఇక ఎవరికీ ఏమీ తెలీదు.

మన దగ్గర కాగితాలు లేవా అంటే, ఉన్నాయి. అదే ఇంగ్లీషు ప్రభుత్వం 1871లో మద్రాసు రాజధానిలో, 1881లో దేశమంతటా జనాన్ని లెక్కపెట్టింది. మా ఊళ్ళోనూ ఇంటింటికీ వచ్చే ఉంటారు. కాని మనకు మిగిల్చింది అచ్చయిన అంకెలే. తాలూకాలో మగవారింతమంది, ఆడవారింతమంది, ఫలానా కులం ఇంతమంది. స్వతంత్రం వచ్చాక చేసిన 1948 చట్టం ప్రకారమైతే ఇంటింటి కాగితాలు చూసే హక్కే ఎవరికీ లేదు. భూమి లెక్కలు చూద్దామంటే మావైపు ఎక్కువగా జమీందారీ. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చి సర్వే, సెటిల్మెంటు జరిగాక గానీ సర్కారు పుస్తకంలో రైతు పేరు ఎక్కలేదు. భూమే లేనివాడి పేరు అప్పుడూ ఎక్కలేదు. జననమరణాల నమోదు దేశమంతా తప్పనిసరి చేసిన చట్టం 1969 నాటిది. అంతకుముందు పుట్టినవాళ్ళకి బడిలో మాస్టారు పెట్టిందే పుట్టినరోజు. మా దుబాయి ఆఫీసులో జూలై ఒకటిన పుట్టిన భారతీయులు ఎంతమందో చూసి మా హెచ్.ఆర్. మేనేజరు ఆశ్చర్యపోయేది. కరణంగారి దస్తరాల్లో ఏమైనా ఉండేదేమో. 1984లో కరణం, మునసబు పదవులు తీసేశాక మా ఊరి పాత పుస్తకాలు అటక మీదే చెదలకి పోయాయి.

ముగ్గురి తాతలూ ఒకే కాలంలో, ఒకే రాణిగారి ఏలుబడిలో, ఒకే పని చేశారు. నార్ఫోక్ కూలివాడు ఇల్లు కదలకుండానే కాగితమెక్కాడు. చికాకోల్ కూలివాడు కాగితమెక్కాలంటే సముద్రం దాటి అయిదేళ్ళకి తాకట్టు పడాల్సి వచ్చింది. అతని పిక్క మీద మచ్చ రాసుకున్నది మునిమనవరాలి కోసం కాదు, పారిపోతే పట్టుకోవడానికి. ఇంటిపట్టున ఉండిపోయిన మా తాతకి ఆ మాత్రం కాగితమూ లేదు.

ఓడ ఎక్కినవాళ్ళంతా కాగితమెక్కారనీ అనుకోవద్దు. మావైపు జనం ఎక్కువగా వెళ్ళింది నేటాలుకి కాదు, రంగానికి. రంగం అంటే రంగూన్. కళింగపట్నం, భీమిలి, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కితే నాలుగైదు రోజుల ప్రయాణం. మేస్త్రీ చేతిలో బయానా తీసుకుని డెక్కు మీద కూర్చుని వెళ్ళారు. అక్కడి రైసుమిల్లుల్లో, రేవులో పనిచేశారు. ఒప్పంద పత్రం లేదు, నంబరు లేదు, కాబట్టి పేరూ లేదు. మా ముత్తాత తమ్ముడొకడు అలా వెళ్ళి మరి రాలేదు. 1942లో జపానువాళ్ళు వచ్చినప్పుడు నడిచి బయల్దేరినవాళ్ళలో ఉన్నాడో, అంతకుముందే పోయాడో ఎవరూ చెప్పలేరు. మా పెద్దల పండక్కి బట్టలు పెట్టేటప్పుడు మా నాయనమ్మ 'రంగం తాత' అని ఒక పంచె విడిగా పెట్టేది. పేరు ఆమెకీ తెలీదు.

మా కాలానికి వస్తే కాగితాలకి లోటు లేదు. ఆ రోజుల్లో మద్రాసు రేవులో కూలీల పట్టీ మీద సంతకం చేసిన అధికారిని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనేవారు. 1983 చట్టం కూడా ఆ హోదాని అదే పేరుతో ఉంచింది. పదో తరగతి పాసవని మా ఊరి కుర్రాళ్ళు దుబాయి, షార్జా రావడానికి ఆయన అనుమతే కావాల్సి వచ్చింది. నేను మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పటి నా పాస్‌పోర్టు చేత్తో రాసింది. అందులో ఎత్తు, ఒంటిమీద గుర్తు రాసే గళ్ళు ఉన్నాయి. నాది కుడి కనుబొమ మీద మచ్చ. ఆ పాస్‌పోర్టు డర్బన్ అమ్మాయికి చూపిస్తే తన ప్రింటు పక్కన పెట్టి, ఒక్కొక్క గడీ వేలితో సరిచూసుకుంది.

2022 నవంబరులో యు.ఏ.ఈ. ఒక నియమం తెచ్చింది. పాస్‌పోర్టులో ఒకే పేరుండి, ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే విజిట్ వీసా మీద రానివ్వరు. మావైపు అలాంటివాళ్ళు కొల్లలు. ఆ వారం ఊరినుంచి నాకు పదకొండు ఫోన్లు వచ్చాయి. కొద్దిరోజులకే సవరణ వచ్చింది: పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరు ఉంటే చాలునని. ఒకే పేరు, పక్కన తండ్రి పేరు. ఫోన్ చేసిన కుర్రాళ్ళందరికీ ఆ మాటే చెప్పాను. కొత్త పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు మాత్రం ఇంటిపేరు కూడా రాయించుకోమన్నాను. ఒకడు, "మా ఇంటిపేరేంటో అమ్మనడిగి చెప్తాను బాబాయ్" అన్నాడు.