రాతి పొరలకు మన ఊళ్ల పేర్లు

గొల్లపల్లి, రాఘవాపురం, చిన్న తిరుపతి.. భూవిజ్ఞాన గ్రంథాల్లో ఏలూరు సీమ
బొగ్గు కోసం మొదలైన వెతుకులాట.. గ్యాస్ బావుల దాకా

ఏలూరు: నూజివీడు పక్కన గొల్లపల్లి. చింతలపూడి దగ్గర రాఘవాపురం. భక్తులు చిన్న తిరుపతిగా పిలుచుకునే ద్వారకా తిరుమల. ఈ మూడు ఊళ్లకూ ఒక పోలిక ఉంది. భూవిజ్ఞాన శాస్త్రంలో మూడు రాతి పొరలకు వీటి పేర్లే పెట్టారు. గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవాపురం షేలు, తిరుపతి ఇసుకరాయి అన్న మాటలు కృష్ణా-గోదావరి బేసిన్‌పై వెలువడే ప్రతి నివేదికలోనూ కనిపిస్తాయి. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో మూడు ఊళ్లూ ఏలూరు జిల్లా పరిధిలోకే వచ్చాయి. ‘తిరుపతి ఇసుకరాయి’ అనగానే చాలామంది ఏడుకొండలను తలచుకుంటారు. నిజానికి ఆ పేరు ద్వారకా తిరుమల కొండది.

రాగి, వెండి ఇక్కడ ఎందుకు లేవు?

లోహ ఖనిజాలు ఎక్కువగా అతి ప్రాచీనమైన గట్టి శిలల్లో లభిస్తాయి. పల్నాడు జిల్లా వినుకొండ ప్రాంతంలోని అగ్నిగుండాల ఇందుకు మంచి ఉదాహరణ. కడప శిలావర్గానికి చెందిన ఆ కొండల్లో నల్లకొండ వద్ద రాగిని, బండలమోటు వద్ద సీసాన్ని గుర్తించారు. సీసపు ఖనిజంలో సాధారణంగా కొద్దిపాటి వెండి కలిసి ఉంటుంది. బండలమోటు సీసపు గనిని హిందుస్థాన్ జింక్ సంస్థ కొంతకాలం నడిపింది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మైలారంలోనూ రాగి ఖనిజం ఉంది.

ఏలూరు, తాడేపల్లిగూడెం సీమ అలాంటిది కాదు. ఉత్తరాన ఏజెన్సీ కొండల్లో పాత గట్టి శిలలు ఉన్నా, అక్కడి నుంచి దక్షిణానికి వచ్చేకొద్దీ నదులూ సముద్రమూ తెచ్చి పరచిన ఇసుక, బంకమట్టి పొరలే మిగులుతాయి. ఇలాంటి పొరల్లో రాగి, వెండి అరుదు. బొగ్గు, చమురు, సహజవాయువు, నీరు దొరికే అవకాశమే ఎక్కువ. ఈ సీమలో అన్వేషణ అంతా వాటి చుట్టూనే సాగింది.

బెడదనూరు బొగ్గు

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 1851లో ఏర్పడింది. రైళ్లకూ ఆవిరి యంత్రాలకూ బొగ్గు కావలసిన రోజులవి. గోదావరి లోయలో బొగ్గు జాడలు వెతుకుతూ ఆ సంస్థ శాస్త్రవేత్తలు ఈ సీమకు వచ్చారు. బుట్టాయగూడెం వైపున్న బెడదనూరు వద్ద బొగ్గు ఉండదగిన శిలలను గుర్తించారు. నాటి ఇంగ్లిషు రికార్డుల్లో ఈ ఊరు ‘బెడ్డదనోల్’గా కనిపిస్తుంది. బోర్లు వేసి చూసినా, గని తెరవడానికి తగిన ఫలితం రాలేదు.

బొగ్గు దక్కకపోయినా ఆ శ్రమ వృథా కాలేదు. కొండ, వాగు, గుట్ట ఒక్కటీ వదలకుండా తిరిగిన శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు రాళ్ల వరుసను తొలిసారిగా నమోదు చేశారు.

ఏలూరు పేరుతో 1877లో గ్రంథం

గొల్లపల్లి ఇసుకరాయిలో ఆకుల ముద్రలున్న శిలాజాలు దొరికాయి. అవి ఈత చెట్టును పోలిన సైకస్ జాతి మొక్కలు, ఫెర్నులు. ఒట్టోకార్ ఫీస్ట్‌మాంటెల్ వాటిని పరిశీలించి 1877లో గ్రంథం వెలువరించాడు. ‘ఏలూరు సమీపంలోని గొల్లపల్లి’ అని ఆ గ్రంథం శీర్షికలోనే ఉంది. ఆ మొక్కలు జురాసిక్ యుగానివని ఆయన భావించాడు. ఆ తర్వాతి పరిశోధనలు ఈ పొరను క్రెటేషియస్ యుగం ఆరంభానికి చేర్చాయి.

విలియం కింగ్ 1880లో నాటి గోదావరి జిల్లా తీర ప్రాంతపు శిలలపై సమగ్ర నివేదిక ప్రచురించాడు. గొల్లపల్లి, రాఘవాపురం, తిరుపతి పేర్లను రాతి పొరలకు స్థిరపరచింది ఆ నివేదికే. కింగ్ తరువాతి కాలంలో సర్వేక్షణ సంస్థకు అధిపతి అయ్యాడు.

పొరలు చెప్పే కథ

సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడివడటం మొదలైంది. నేటి తూర్పు తీరం వెంట నేల చీలి, కుంగి, పల్లాలు ఏర్పడ్డాయి. వాటిలోకి వాగులు ఇసుకను తెచ్చి పోశాయి. అదే గొల్లపల్లి ఇసుకరాయి.

ఆ తర్వాత సముద్రం లోపలికి చొచ్చుకువచ్చింది. నిలకడ నీటి అడుగున సన్నని బంకమట్టి పేరుకుని రాఘవాపురం షేలు అయింది. పలచని రేకులుగా విడిపోయే ఈ తెల్లని, లేత రంగు రాయిలో సముద్రజీవుల శిలాజాలతో పాటు ఆకుల ముద్రలూ దొరుకుతాయి. చింతలపూడి మెట్ట ఒకప్పుడు సముద్ర తీరమనడానికి ఇదే సాక్ష్యం. సముద్రం వెనక్కు తగ్గాక మళ్లీ ఇసుక పరచుకుంది. అది తిరుపతి ఇసుకరాయి.

సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం దక్కను లావా ప్రవహించింది. కొవ్వూరు సమీపంలోని పంగిడి, దుద్దుకూరు, గోదావరి ఆవలి ఒడ్డున కాతేరు వద్ద కనిపించే నల్లరాయి ఆ లావా గడ్డకట్టినదే. పడమటి కనుమల వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడికి చేరిందని శాస్త్రవేత్తలు చెబుతారు. డైనోసార్లు అంతరించిన కాలం ఇదే కావడంతో ఇక్కడి క్వారీలు అంతర్జాతీయ పరిశోధకులను ఆకర్షించాయి.

అన్నిటికంటే పైన ఉన్నది డెల్టా ఒండ్రు. సుమారు 6 వేల ఏళ్ల క్రితం తీరరేఖ కొల్లేరు దాపునే ఉండేది. కృష్ణా, గోదావరి నదులు తమ డెల్టాలను సముద్రంలోకి పెంచుకుంటూ పోగా, రెంటి మధ్య పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు. నేటికీ ఆ సరస్సును సముద్రంతో కలిపేది ఉప్పుటేరు.

మెట్టలో కాళ్ల కింద.. కొల్లేటిలో పాతాళాన

ఈ పొరలు ఆగ్నేయ దిశగా, అంటే సముద్రం వైపు వాలి ఉంటాయి. ద్వారకా తిరుమల వద్ద పైకి కనిపించే రాయే డెల్టా కింద ఎంతో లోతున ఉంటుంది. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో బావి తవ్వితే బంకమట్టే తప్ప రాయి తగలకపోవడానికి కారణం ఇదే.

భూమి లోపల ఈ పొరలు ఒకే మట్టంలో లేవు. చీలికల వెంట కొన్నిచోట్ల గట్లుగా లేచి, మరికొన్నిచోట్ల లోయలుగా కుంగాయి. తణుకు గట్టు, బాపట్ల గట్టు, వాటి మధ్య పశ్చిమ గోదావరి లోయ, ఆ లోయను రెండు పాయలుగా చీల్చే కాజ-కైకలూరు గట్టు.. ఇదీ స్థూలంగా డెల్టా అడుగున ఉన్న భూస్వరూపం. పచ్చని చేలు, చేపల చెరువులు తప్ప పైకి ఇవేవీ కనిపించవు.

1978: నరసాపురంలో తొలి బావి

చమురు, సహజవాయువుల సంస్థ ఓఎన్‌జీసీ ఈ బేసిన్‌లో 1978లో నరసాపురం వద్ద తొలి అన్వేషణ బావి తవ్వింది. ఆ తర్వాత రాజోలు, మండపేట, కైకలూరు, లింగాల ప్రాంతాల్లో బావులు వచ్చాయి. కింగ్ తన నివేదికలో వర్ణించిన రాఘవాపురం షేలు ఇక్కడ కొత్త విలువ సంతరించుకుంది. ఆ బంకమట్టితో పాటు పూడిపోయిన జీవపదార్థమే భూతాపానికి ఉడికి చమురుగా, వాయువుగా మారింది. పశ్చిమ గోదావరి లోయలోని గ్యాస్‌కు ప్రధాన మూలం ఈ పొరేనని నిపుణులు తేల్చారు.

పాత బొగ్గు కథ కూడా మళ్లీ తెరమీదికి వచ్చింది. తాడేపల్లిగూడెం సమీపంలోని కొమ్ముగూడెం వద్ద వేసిన బావిలో పెర్మియన్ యుగపు బొగ్గు, షేలు పొరలు తగిలాయి. బెడదనూరు బొగ్గు శిలలదీ అదే యుగం. గని తవ్వలేనంత లోతున ఉన్నా ఈ పొర నిరుపయోగం కాలేదు. మండపేట గ్యాస్‌కు ఇదే మూలమని గుర్తించి ‘కొమ్ముగూడెం ఫార్మేషన్’ అని పేరు పెట్టారు. పాలకొల్లు, నరసాపురం, మత్స్యపురి, రాజోలు పేర్లూ ఇలాగే పాతాళంలోని పొరలకు స్థిరపడ్డాయి.

లాభంతో పాటు ముప్పు

గ్యాస్ వెలికితీతకు మరో ముఖం కూడా ఉంది. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి బావి వద్ద ఎగసిన మంటలు అదుపులోకి రావడానికి రెండు నెలలకు పైగా పట్టింది. 2014 జూన్ 27న నగరం వద్ద గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కొల్లేరు పరిసరాల్లో జాగ్రత్త మరింత అవసరం. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటితమైన ఈ సరస్సుకు 2002లో రామ్‌సర్ గుర్తింపు లభించింది.

అసలు నిధి నీరే

మెట్ట రైతుకు ఈ రాళ్ల వల్ల నేరుగా దక్కేది గ్యాస్ కాదు, నీరు. ఇసుకరాయి రేణువుల సందుల్లో వాననీరు ఇంకి నిలుస్తుంది. షేలు పొర నీటిని అంత సులభంగా దాటనివ్వదు. అందుకే మెట్టలో పక్కపక్క ఊళ్లలోనే ఒకచోట బోరు పుష్కలంగా పోస్తే, మరోచోట ఎండిపోతుంది. వాలుగా ఉన్న ఇసుకరాయి పైన బంకరాయి మూతలా కప్పితే లోపలి నీటికి ఒత్తిడి పెరుగుతుంది. అలాంటి చోట బోరు వేస్తే మోటారు లేకుండానే నీరు పైకి పొంగుతుంది.

గోదావరి కాలువల నీరు అందే డెల్టాకూ, బోర్లపై ఆధారపడిన మెట్టకూ సరిహద్దు దాదాపు ఏలూరు కాలువ వెంటే సాగుతుంది. తాడేపల్లిగూడెం ఆ సరిహద్దు మీది పట్టణం. కాలువకు ఎగువన ఆయిల్‌పామ్, కొబ్బరి, కోకో, నిమ్మ తోటలు విస్తరించాయి. ఆయిల్‌పామ్‌పై దేశంలోని కేంద్ర పరిశోధన సంస్థ పెదవేగిలోనే ఉంది. తోటలు పెరిగేకొద్దీ బోర్ల సంఖ్య, లోతు పెరుగుతూ వచ్చాయి.

గ్యాస్ ఒకసారి తీస్తే మళ్లీ పుట్టదు. నీటి సంగతి వేరు. ద్వారకా తిరుమల, కామవరపుకోట, చింతలపూడి, నూజివీడు మెట్టల్లో పైకి తేలి ఉన్న ఇసుకరాయి మీద కురిసిన వాన ఇంకితేనే కింది పొర నిండుతుంది. ఆ గుట్టలను గ్రావెల్ కోసం తవ్వినా, చెరువులను పూడ్చినా నీరు ఇంకే దారి మూసుకుపోతుంది. శాస్త్రవేత్తలు పేర్లు పెట్టిన ఆ శిలలే రాబోయే తరాల బోర్లలో నీరుంటుందో లేదో తేల్చనున్నాయి.

ఇవీ ముఖ్య ఘట్టాలు

1851: భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఏర్పాటు
1877: గొల్లపల్లి మొక్కల శిలాజాలపై ఫీస్ట్‌మాంటెల్ గ్రంథం
1880: గోదావరి తీర శిలలపై విలియం కింగ్ నివేదిక
1978: నరసాపురం వద్ద ఓఎన్‌జీసీ తొలి బావి
1995: పాశర్లపూడి బావిలో మంటలు
1999: కొల్లేరు అభయారణ్యం ప్రకటన
2002: కొల్లేరుకు రామ్‌సర్ గుర్తింపు
2014: నగరం పైపులైను పేలుడు