బీరు చిక్కదనానికి లెక్క కుదిరిన కథ

1770 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని ఆల్టన్ ఊళ్లో జేమ్స్ బేవర్‌స్టాక్ అనే యువకుడు తండ్రి కళ్లుగప్పి ఒక పని చేసేవాడు. వాళ్లది బీరు తయారుచేసే కుటుంబం. మొలకెత్తించిన బార్లీని (మాల్ట్) వేడినీళ్లలో నానబెట్టి తీసిన తియ్యటి రసం, అంటే వోర్ట్, ఎంత చిక్కగా ఉందో తేల్చడానికి అప్పటిదాకా ఉన్న సాధనాలు నాలుక, కన్ను, వేళ్ల మధ్య జిగురు మాత్రమే. బేవర్‌స్టాక్ ఆ రసంలో హైడ్రోమీటర్ ముంచి చూశాడు. కొత్త ప్రయోగాలంటే గిట్టని తండ్రికి తెలియకుండా చాటుగానే కొలతలు తీసుకున్నాడు.

పరికరం కొత్తదేమీ కాదు. క్రీస్తుశకం 5వ శతాబ్దం తొలినాళ్లలోనే సినేసియస్ అనే ఆయన ఇలాంటిది చేయించి పంపమని అలెగ్జాండ్రియాలోని తన గురువు హైపేషియాకు ఉత్తరం రాశాడు. మన పాలకేంద్రాల్లో నీళ్లు కలిపిన పాలను పట్టిచ్చే లాక్టోమీటర్‌దీ ఇదే సూత్రం: ద్రవం చిక్కగా ఉంటే పైకి తేలుతుంది, పలచగా ఉంటే కిందికి దిగుతుంది. స్పిరిట్ల ఘాటు తేల్చడానికి అప్పటికే హైడ్రోమీటర్ వాడుతున్నా, బీరు బట్టీల వాళ్లు దాని జోలికి పోలేదు.

బేవర్‌స్టాక్ తన లెక్కలు తీసుకుని లండన్‌లో పేరుమోసిన శామ్యూల్ విట్‌బ్రెడ్ దగ్గరికి వెళ్లాడు. ఇలాంటి ఊహాగానాలు మాని ఇంటికెళ్లి వ్యాపారం చూసుకోమని ఆయన పంపేశాడు. సదర్క్‌లో పెద్ద బ్రూవరీ నడిపే హెన్రీ థ్రేల్ మాత్రం ఆసక్తిగా విన్నాడు. 1784లో హల్ పట్టణానికి చెందిన జాన్ రిచర్డ్‌సన్ దీనిపై పుస్తకమే అచ్చువేశాడు. బీరు కోసం సిద్ధంచేసిన తన పరికరానికి సాక్రోమీటర్ అని పేరు పెట్టాడు. ఒక పీపా రసం అంతే కొలత నీళ్లకన్నా ఎన్ని పౌన్లు ఎక్కువ తూగుతుందో అది చెప్పేది.

ఆ పౌన్ల లెక్క లండన్ పోర్టర్ బీరు తీరునే మార్చేసింది. నల్లటి పోర్టర్‌కు అప్పటిదాకా ముదురుగా వేయించిన బ్రౌన్ మాల్టే ఆధారం. చవకగా దొరుకుతుందని అందరూ దాన్నే కొనేవారు. తీరా కొలిచి చూస్తే, లేత రంగు మాల్ట్ ఇచ్చే సారంలో అది మూడింట రెండు వంతులకు అటూ ఇటూగానే ఇస్తోంది. ఖరీదైన మాల్టే లాభమని తేలడంతో వ్యాపారులు అటు మళ్లారు. దాంతో బీరు రంగు వెలిసిపోయింది. రంగు కోసం మాడ్చిన చక్కెర కలపడాన్ని 1816లో చట్టం నిషేధించింది. మరుసటి ఏడాదే డేనియల్ వీలర్ మాల్ట్‌ను కాఫీ గింజల్లా వేయించే పద్ధతికి పేటెంట్ తెచ్చుకున్నాడు. ఆ నల్ల మాల్ట్ పిడికెడు వేస్తే చాలు, పోర్టర్‌కు పాత రంగు వచ్చేది.

వ్యాపారికి లాభం చూపించిన కొలత సర్కారు కంట పడకుండా ఉంటుందా? 1880లో ప్రధాని గ్లాడ్‌స్టన్ మాల్ట్ మీద పన్ను ఎత్తేసి, వోర్ట్ గ్రావిటీ మీద వేశాడు. నీటి సాంద్రత 1000 అనుకుంటే, 1057 గ్రావిటీ ఉన్న 36 గ్యాలన్ల పీపాకు సుంకం 6 షిల్లింగుల 3 పెన్నీలు. రసం చిక్కబడేకొద్దీ సుంకమూ పెరిగేది. ఒక్కో గీతా డబ్బే కాబట్టి కొలతలో ఖచ్చితత్వం తప్పనిసరైంది. ఈ పద్ధతి 1993 దాకా నడిచింది. ఆ తర్వాత పన్ను ఆల్కహాల్ శాతం మీదికి మారింది.

యూరప్‌లో 1843లో కార్ల్ బాలింగ్ ప్రేగ్ నగరంలో చక్కెర శాతం చెప్పే పట్టిక తయారుచేశాడు. తర్వాత ఫ్రిట్జ్ ప్లేటో దాన్ని మరింత సరిచేశాడు. డిగ్రీ ప్లేటో అనే మాట ఆయన పేరు మీద వచ్చిందే.

బ్రిటన్‌లో ఇంట్లో బీరు చేసుకోవడానికి లైసెన్సు ఉండాలన్న నిబంధన 1963లో పోయింది. అమెరికాలో అధ్యక్షుడు కార్టర్ 1978లో సంతకం చేసిన చట్టంతో దేశవ్యాప్త నిషేధం తొలగింది. సుంకం అధికారి చేతిలోని పరికరం అలా వంటింటికి చేరింది. నీటిని 1.000గా తీసుకుని, గ్రావిటీ పులియకముందు 1.050, పులిశాక 1.010 వస్తే, తేడాను 131.25తో హెచ్చించినప్పుడు ఆల్కహాల్ సుమారు 5.25 శాతం.

కానీ ఆ అంకె అంత తేలిగ్గా దొరకదు. 20 డిగ్రీల సెల్సియస్‌కు సరిచేసిన హైడ్రోమీటర్‌ను 40 డిగ్రీల రసంలో ముంచితే 1.050 కాస్తా 1.044గా కనిపిస్తుంది. పులుస్తున్న బీరులో గ్యాస్ బుడగలు కాడకు అంటుకుని దాన్ని పైకి లేపుతాయి. అప్పుడు లేని చిక్కదనం కనిపిస్తుంది. అందుకే నమూనాను గిలకొట్టి గ్యాస్ పోనివ్వాలి, పరికరాన్ని గిర్రున తిప్పి వదలాలి, కన్ను ద్రవమట్టానికి సమానంగా పెట్టి చదవాలి. గాజు అంచున పాకిన నీటిని కాకుండా, మధ్యలో ఉన్న మట్టాన్నే చూడాలి.

వరసగా రెండు మూడు రోజులు అంకె మారకపోతేనే సీసాల్లో నింపాలి. తొందరపడి బిగిస్తే లోపల మిగిలిన చక్కెర పులుస్తూనే ఉంటుంది. ఆ ఒత్తిడికి సీసా పగిలిపోతుంది.