వరద తీసిన పిమ్మట

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదును ముంచిన సంగతి చదువరు లెరిగినదే. 15,000 మంది వరకు మరణించిరని అంచనా. మరుసటి యేడు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పరిశీలింపగా, నదికి నీరు చేర్చు ప్రాంతమందలి 788 చెరువులలో 221 తెగిపోయినట్లు తేలినది. వాన యెంత, నీ రెంత యను లెక్కలు పలువురు వ్రాసిరి. నీరు తీసిన పిమ్మట జను లెచ్చటికి పోయిరి, వారు విడిచిన చోటికి ఎవరు వచ్చిరి యనుదానినే మే మిందు విచారింపదలచితిమి. రాబోవు వరద నష్టము చాలవరకు ఆ రాకపోకలలోనే నిర్ణయమగుచున్నది.

1912లో ఏర్పడిన ఆరాయిష్ బల్దా యను నగరాభివృద్ధి మండలి ఒడ్డునందలి ఇరుకు పేటలను తొలగించి తోటలు వేయించెను. 1920లో ఉస్మాన్ సాగరము, 1927లో హిమాయత్ సాగరము పూర్తియైనవి. నది సన్నగిల్లినది; దానితోపాటు భయమును సన్నగిల్లినది. పిమ్మటి కాలమున చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, కమల్‌నగర్ అను పేదల వాడలు నదిలోనికే చొచ్చుకొని వెలసినవి. పేదల నేల నిందింపవలెను? ప్రభుత్వమువారే నది నడుమ బస్సుల నిలయము కట్టిరి. 2020 అక్టోబరులో ఆ వాడలు మునిగినవి. 2025 సెప్టెంబరులో జలాశయముల తలుపు లెత్తగా బస్సు నిలయమునందే ప్రయాణికులు నీట చిక్కుకొనిరి.

మా ఓరుగల్లున మూసీవంటి నది లేదు. కాకతీయులనాటి చెరువులును, వాని యలుగు నీరు పోవు నాలాలును గలవు. వడ్డేపల్లి చెరువు నీరు నయీంనగర్ నాలాలో పడును. 2020 ఆగస్టులో ఆ నాలా పొంగెను. 2023 జూలైలో భద్రకాళి చెరువుకట్టయే పోతననగర్ వద్ద తెగెను. అట్టి వరద తీసిన పిమ్మట శక్తిగలవారు మెరకకు తరలిపోవుదురు. అద్దె తగ్గును. తగ్గిన అద్దెకు పల్లెనుండి వచ్చిన కూలి కుటుంబము చేరును. వా రాగమించునాటికి గోడమీది నీటిచారకు సున్నము పడియుండును.

నష్టపు లెక్కలలో నొక మాయ గలదు. కలవారు పోయి లేనివారు చేరినపుడు, మునిగిన సొత్తు వెల స్వల్పము గనుక కాగితముపై నష్టము తగ్గినట్లే కనబడును. కుట్టుమిషను, బియ్యపుబస్తా, పిల్లల పుస్తకములు పోగొట్టుకొన్న యిల్లాలికి పోయినది సర్వస్వము. ఆపైని నాలా వెడల్పు చేసిరి, గోడ కట్టిరి అను వార్త పుట్టగనే స్థలముల ధర పెరుగును, మేడలు లేచును. ఆ గోడను మించిన వాన కురిసిన నాడు పాత లెక్కలేవియు పనికిరావు.

గోడ కట్టవలదని మేమనము. కట్టుటకు ముందు, పల్లపు పేటలలో ప్రతి వీథి మొగను 2020లో నెంత, 2023లో నెంత నీరు నిలిచినదో గీత గీసి చూపవలెను. ఇల్లు అమ్మువాడును అద్దెకిచ్చువాడును దానిని చెరపరాదని కట్టడి చేయవలెను. నగరపాలక సంస్థవారి కిది పెద్ద వ్యయము గాదు. రంగుడబ్బాయు, కుంచెయు చాలును.