చీకటిని వెదకి పోయిన వేధశాల



నలువది యేండ్లు బడిలో చదువు చెప్పినవాడను. అశ్విని, భరణి మొదలుగా ఇరువదియేడు నక్షత్రముల పేర్లను ఎందరు బాలురచేత వల్లె వేయించితినో లెక్కలేదు. ఒకనాడు, మృగశిర కార్తె ప్రవేశించిన సాయంకాలమున, నా మనుమడు "తాతా, మృగశిర యేది? చూపించు" అని యడిగెను. సూర్యుడు ఏ నక్షత్రముతో కూడియుండునో ఆ దినములకే ఆ కార్తె పేరు; కావున అప్పుడది కంటికి కానరాదని చెప్పి, పుష్యమాసమున చూపెదనని మాట యిచ్చితిని.

పుష్యము వచ్చినది. కరీంనగరమున మా మిద్దె యెక్కితిమి. ఎర్రని రోహిణి కనబడినది, ఆర్ద్ర కనబడినది. వాని నడుమ నుండవలసిన మృగశిర యొక్క మూడు చిన్న తారలు మాత్రము వీధిదీపముల వెలుగులో మునిగిపోయినవి. పేరు నేర్పి రూపు చూపలేని గురువునైతిని.

ఈ అవస్థ నాకొక్కనికే కాదు, గొప్ప వేధశాలకే కలిగినది. 1901లో నవాబు జఫర్ జంగు అను ప్రభువు ఇంగ్లండు నుండి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి, హైదరాబాదు ఫిసల్‌బండలో వేధశాలను నెలకొల్పెను. ఆయన గతించిన పిమ్మట, 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించి, బేగంపేటకు చేర్చెను. ఆ కాలమున పెక్కు దేశముల వేధశాలలు ఆకాశమును భాగములుగా పంచుకొని, ఛాయాచిత్రములు తీసి, నక్షత్రముల పట్టిక వ్రాయుచుండెను. హైదరాబాదువారు తమ వంతున ఏడు లక్షలకు పైగా తారల స్థానములను కొలిచిరి. 1919లో ఆ వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందినది.

క్రమముగా నగరము పెరిగి బేగంపేటను చుట్టుముట్టెను. దీపములు హెచ్చినకొలది చుక్కలు తగ్గినవి. అందుచే 1968లో ఇబ్రహీంపట్నము దాపున, జపాల్, రంగాపూరు గ్రామములయొద్ద 48 అంగుళముల దర్పణము గల దూరదర్శినిని నిలిపిరి. 1980 ఫిబ్రవరి 16వ తేదీ నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును అచటినుండి పరిశీలించిరి. కాని నగరము వారి వెంటనే నడచి వచ్చినది. అచటి చీకటియు పలుచబడెను. దేశములోని శాస్త్రజ్ఞులు మంచి చీకటిని, తేటగాలిని వెదకి లడఖులోని హాన్లే వరకు పోవలసివచ్చెను. 4,500 మీటర్ల యెత్తున 2000 సంవత్సరమున అచట దూరదర్శిని కన్ను తెరచినది.

మేము హాన్లే పోలేము గాని ఉట్నూరు పోగలము గదా! మరుసటి యేడు పుష్యబహుళ అమావాస్యనాడు రాయపట్నమువద్ద గోదావరి దాటి, జన్నారము మీదుగా, ప్రొద్దుండగనే అడవిదారి గడచి, ఉట్నూరు ప్రాంతమున ఒక గూడెము చేరితిమి. నా పూర్వశిష్యుని వాకిట నులకమంచములు వేసిరి. దీపమార్పిన కొంతసేపటికి కండ్లు చీకటికి అలవాటుపడినవి. కృత్తికలు గుత్తివలె మెరసినవి. ఆర్ద్రకు తూర్పున పాలవెల్లి పలుచగా పారుచుండెను. మృగశిరను నేను చూపకమునుపే మనుమడు వ్రేలెత్తి చూపెను.

నడిరేయి ఈశాన్యమున సప్తర్షులు పైకి వచ్చిరి. గూడెపు గోండు పెద్ద యొకడు నవ్వి, "ఆ నాలుగు చుక్కలు ముసలమ్మ మంచము, వెనుకటి మూడును దానిని దొంగిలింపవచ్చిన దొంగలు" అని చెప్పెను. పట్టణములలో ఆ మంచము ఎన్నడో దొంగలపాలైనదని నాకు తోచినది.

అయ్యలారా, పోయిన చీకటిని తిరిగి తెచ్చుకొనవచ్చును. ఆదిలాబాదునకు ఉత్తరమున, నాగపురము దాపునగల పెంచ్ అభయారణ్యపు గ్రామములలో నూరుకు పైగా దీపములను వెలుగు నేలపైనే పడునట్లు మార్చిరి. 2024లో ఆ అరణ్యమునకు చీకటి ఆకాశపు వనమను అంతర్జాతీయ గుర్తింపు లభించినది. మన దేశమున అట్టిది అదియే మొదటిది.

దీపములు వలదని నేననను. పాములు, తేళ్ళు తిరుగు త్రోవకు దీపము కావలసినదే. కాని దారి నేలమీద నున్నది, ఆకాశమున లేదు. ఈసారి గ్రామపంచాయతీవారు స్తంభమునకు దీపము బిగించునపుడు, పైన రేకు గొడుగు వేసి వెలుగును క్రిందికి త్రిప్పుడని మీవంటి పెద్దలు ఒక్కమాట చెప్పినచాలును. రోహిణి, మృగశిర అని కార్తెలు లెక్కించి విత్తనము చల్లు మన బిడ్డలకు ఆ చుక్కల ముఖములు కూడ తెలిసియుండవలెను.