నలిగిన ఉక్కుకు బలం ఎక్కడిది?

కొత్త బైండింగ్ వైరు ముక్క వేళ్లతో ఇట్టే వంగుతుంది. అదే మడత దగ్గర వెనక్కి వంచబోతే మొరాయిస్తుంది. అటూ ఇటూ ఇంకొన్నిసార్లు వంచితే పుటుక్కుమంటుంది. వేడి చేయకుండానే రోలర్ల మధ్య నలిగి, మందం నాలుగో వంతుకు దిగిన ఉక్కు రేకుదీ ఇదే తీరు. బలం రెండింతలవుతుంది, సాగే గుణం దాదాపు చచ్చిపోతుంది. కొత్తగా కలిసిందేమీ లేదు, కార్బన్ ఎంతుందో అంతే. మరి ఈ బలం ఎక్కడిది?

మొదటి ఆచూకీ 1899లో ఇంగ్లండులో దొరికింది. యూయింగ్, రోజెన్‌హైన్ అనే పరిశోధకులు నునుపుగా మెరుగుపెట్టిన లోహాన్ని సాగదీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. లోహంలోని ఒక్కో స్ఫటిక రేణువు మీదా సన్నని సమాంతర గీతలు! రేణువు లోపల పొరలు జారుతున్నాయన్నమాట. జారిన చోట స్ఫటికం చెదిరి, గాజులాంటి పదార్థమై గట్టిపడుతోందని బీల్‌బీ అనుమానించాడు. ఎక్స్-రేలు వచ్చాక ఆ అనుమానం నిలవలేదు. ఎంత నలిగినా లోపల ఉన్నది స్ఫటికమే.

అసలు మలుపు 1926లో ఫ్రెంకెల్ వేసిన లెక్క. ఒక పొర మొత్తం ఒక్కసారిగా జారాలంటే ఎంత బలం కావాలో చూశాడు. మెత్తని స్ఫటికాలు అందులో వెయ్యో వంతుకే లొంగిపోతున్నాయి! నలిగిన ఉక్కుకు అంత బలమేమిటని అడుగుతూ వచ్చారు గానీ, నలగనిది అంత బలహీనంగా ఎందుకుందన్నదే ముందు తేలాలి.

1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ విడివిడిగా ఒకే జవాబు చెప్పారు. పరిచిన జంబుఖానాను మొత్తంగా లాగడం కష్టం, ఒక ముడతను చివరిదాకా నెట్టడం సులువు. స్ఫటికంలోనూ పరమాణువుల వరుస తప్పిన గీతలుంటాయి, వాటి పేరు డిస్‌లొకేషన్లు. అవి కదులుతుంటే పొర కొంచెం కొంచెంగా జారుతుంది. రోలింగులో ఇవి పుట్టలుగా పెరిగి, ఒకదాని దారికి ఒకటి అడ్డుపడతాయి, అందుకే ఉక్కు గట్టిపడుతుంది. అదే ఏడాది టేలర్, క్విన్నీ కొలిచి చూస్తే, లోహాన్ని మెలితిప్పడానికి పెట్టిన శ్రమంతా వేడిగా బయటికి రాలేదు, కొంత లోపలే ఉండిపోయింది. లోపల ఏదో మారి నిలిచిపోయిందనడానికి నా లెక్కలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇదే. డిస్‌లొకేషన్లను కంటితో చూసే భాగ్యం మాత్రం 1956లో కేంబ్రిడ్జిలో హిర్ష్ బృందానికి దక్కింది, పల్చటి అల్యూమినియం రేకులో, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద.

బాగా నలిగిన ఉక్కులో ఘన సెంటీమీటరుకు ఈ గీతల పొడవు కలిపితే దాదాపు పది లక్షల కిలోమీటర్లు. చందమామ దాకా వెళ్లి వచ్చినా ఇంకా మిగులుతుంది. రేకును 600-700 డిగ్రీల కొలిమిలో పెడితే చిక్కులేని కొత్త రేణువులు పుట్టుకొస్తాయి. లోపల దాగిన శక్తి వేడిగా బయటపడుతుంది. ఆ రేకు మళ్లీ వేళ్లకు వంగుతుంది.