హెచ్ఈసీ గదిలో ఇంగ్లిష్

ఆ గది కాలేజీలో చిట్టచివరిది. కిటికీ పక్కన వేపచెట్టు, గోడ దాటితే పొలం. ఎంపీసీ వాళ్లకు ముందు వరస గదులు, బైపీసీ వాళ్లకు ల్యాబ్ పక్కవి, మిగిలింది హెచ్ఈసీకి. హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్. టెన్త్‌లో లెక్కలు గట్టెక్కనివాళ్లు చేరే గ్రూపని ఊళ్లో పేరు. స్టాఫ్‌రూమ్‌లో ఇంకా మోటుగా అనేవాళ్లు, అది రాయను. తొంభైల్లో మెదక్ పట్టణంలో నేను ఇంగ్లిష్ చెప్పింది ఎక్కువగా ఆ గదిలోనే.

ఒకరోజు బోర్డు మీద ఒక ప్రశ్న రాశాను. 'వై షుడ్ వి స్టడీ హిస్టరీ?' గది సద్దుమణిగింది. ముందు బెంచీ అబ్బాయి లేచి, గైడులో బట్టీ పట్టిన నిర్వచనం అప్పజెప్పి కూర్చున్నాడు. ఇంకెవరూ లేవలేదు. వెనక నుంచి ఒక గొంతు: "సార్, తెలుగుల చెప్పొచ్చా?"

"చెప్పు."

"తెలుగుల గూడ తెల్వదు సార్."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లాక మాత్రం నవ్వు రాలేదు. చరిత్ర ఎందుకు చదవాలని వాళ్లను ఏ భాషలోనూ, ఎవరూ, ఎన్నడూ అడగలేదు.

మా నాన్న బడి చదువు ఉర్దూలో సాగింది. నిజాం రాజ్యంలో పై తరగతులకు అదే భాష. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే పాఠం చెప్పింది. అందుకోసం అంతకు ఏడాది ముందే అనువాదాల శాఖ ఒకటి తెరిచి, చరిత్ర, తత్వశాస్త్రం, అర్థశాస్త్రం, సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి తెప్పించారు, లేని మాటలను పుట్టించారు. ఇంగ్లిష్ తప్పనిసరే, కానీ ఒక సబ్జెక్టుగా మాత్రమే. 1948లో నిజాం రాజ్యం పోయాక ఇదంతా తలకిందులైంది. నాన్న కాలేజీకి వెళ్లేసరికి అదే చరిత్ర ఇంగ్లిష్‌లో ఎదురైంది. అక్బర్ పేరొక్కటే మారలేదని ఆయన అనేవాడు. నా వంతు వచ్చేసరికి 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది, ఆ మరుసటి ఏడు రెండేళ్ల ఇంటర్మీడియెట్ వచ్చింది, నేను చరిత్రను తెలుగులో చదివాను. రెండు తరాల్లో మూడు భాషలు.

ఇందులో తెలుగు మాధ్యమం గొప్ప మేలే చేసింది. ఊరి పిల్లలు కాకతీయుల గురించి సొంత మాటల్లో పరీక్ష రాయగలిగారు. నాకు కనిపించిన చిక్కు వేరు. చరిత్ర ఒక గదిలో తెలుగులో, ఇంగ్లిష్ ఇంకో గదిలో ఇంగ్లిష్‌లో. ఆ రెండు గదుల మధ్య తలుపు లేదు. 'హ్యుమానిటీస్' అన్న మాటే మా పిల్లలకు తెలియదు. పుస్తకాల్లో మానవీయ శాస్త్రాలు, వాడుకలో ఆర్ట్స్ గ్రూపు.

ఇంగ్లిష్ గదిలో ఏం జరిగేదో కూడా చెప్పాలి. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టారు. తర్వాత సీఫెల్, ఇప్పటి ఇఫ్లూ అదే. తొలి రోజుల్లో దాన్ని నడిపిన వి.కె. గోకాక్ కన్నడ కవి. ఇంగ్లిష్ బోధనకు పెద్దదిక్కుగా ఉంటూ కన్నడంలో రాసి 1990లో జ్ఞానపీఠం తెచ్చుకున్న మనిషి. ఆ కాలమంతా దేశంలో నడిచింది నిర్మాణ పద్ధతి. వాక్యాన్ని అచ్చులా పెట్టి, ఒక గడిలో కర్తను మారుస్తూ, ఇంకో గడిలో క్రియను మారుస్తూ వల్లె వేయించడం. నేనూ అలాగే చెప్పాను. పిల్లలు తప్పుల్లేకుండా రైలు టికెట్ అడగడం నేర్చుకున్నారు. మెదక్‌కు రైలు వచ్చింది 2022లో. అప్పట్లో రైలెక్కాలంటే అక్కన్నపేటకు పోవాలి. అయినా సంభాషణ బాగానే అప్పజెప్పేవాళ్లు.

బోర్డు మీద ఆ ప్రశ్న రాసిన మరుసటి వారం క్లాసును చర్చికి తీసుకెళ్లాను.

మెదక్ చర్చి కథ ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇక్కడికి వచ్చాడు. 1914లో పని మొదలైంది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం 175 అడుగులు, లోపల ఐదువేల మంది పడతారు. కరువు రోజులవి. ఊరికే అన్నం పెట్టకుండా పని ఇచ్చి తిండి పెట్టాడు, అలా ఆ రాళ్లు పైకి లేచాయి. మెదక్ పాత పేరు మెతుకు దుర్గం అంటారు. ఆ పేరున్న ఊళ్లో మెతుకు కోసం మోసిన రాళ్లతో గోపురం లేచింది.

రంగు అద్దాల కింద నిలబెట్టి అడిగాను: జనం ఆకలితో ఉన్నప్పుడు ఇంత పెద్ద గోపురం కట్టడం న్యాయమేనా? తెలుగులో మొదలైంది గొడవ. ఆ పైసలతో బియ్యం కొంటే అయిపోయేదని ఒకడు. కొన్న బియ్యం ఎన్ని దినాలు వస్తయని ఇంకొకడు. అంతలో ఒకమ్మాయి: "కట్టకుంటే ఏం తిందురు సార్?"

ఆ వాక్యం దగ్గరే ఆపాను. దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పమన్నాను. అరగంట పట్టింది. 'ఇఫ్ దే హాడ్ నాట్ బిల్ట్ ఇట్, వాట్ వుడ్ దే హావ్ ఈటెన్?' ఈ 'వుడ్ హావ్' నేను రెండేళ్లు గళ్లు గీసి చెప్పినా ఎక్కని పాఠం. జరగనిదాన్ని ఊహించి జరిగినదాన్ని తూచడానికి ఆ క్రియారూపం ఉంది. చరిత్రకారుడు చేసేదీ అదే పని. మా పిల్లలకు వ్యాకరణం రాకపోయింది తెలివి తక్కువై కాదు, దానితో చేసే పని వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు.

ఇంకోటి కూడా ఆ రోజే దొరికింది. గోపురం చార్మినార్‌ను మించుతుందని నిజాం కన్నెర్ర చేశాడట అని ఒకడు చెప్పాడు. ఆ 'అట' పట్టుకున్నాను. చెప్పేవాడు తన పూచీ లేదని తెలుగులో ఒక్క మాటతో తప్పుకుంటాడు. ఇంగ్లిష్‌లో దానికి 'ఇట్ ఈజ్ సెడ్ దట్' అని నాలుగు మాటలు కావాలి. అప్పటినుంచి మా గదిలో ప్రతి వాక్యానికీ ఒక పరీక్ష: ఇది సెడ్డా, రిటెన్నా? మెదక్ ఖిల్లాకు వెళ్లినప్పుడు ద్వారం మీది గండభేరుండ పక్షి కింద అదే తగాదా, కుతుబ్‌షాహీల మసీదు ముందు అదే తగాదా. ఇంగ్లిష్ ముక్కలు ముక్కలుగా వచ్చేది. వచ్చేది కదా.

పాత సంగతి ఒకటి వాళ్లకు చెబుతుండేవాణ్ని. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఎవరో రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి కోప్పడి ఊరుకోలేదు. 354 మంది కవులను వెతికి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. 1930లో మన పక్క జోగిపేటలో జరిగిన నిజాం రాష్ట్ర తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడూ ఆయనే. హెచ్ఈసీ ఎందుకని అడిగినవాళ్లకు ఇది చెప్పండని అన్నాను. ఒకడు, లెక్కల గ్రూపు వాడు అడిగితే 354 అనే చెప్తా సార్, అంకె వింటే ఊకుంటడు అన్నాడు.

ఇప్పుడు ఇంటర్ ఇంగ్లిష్‌కు కూడా ప్రాక్టికల్స్ వచ్చాయి, ఇరవై మార్కులకు, 2023-24 నుంచి. పిల్లలు నోరు తెరిచి మాట్లాడాలి. మంచిదే. రైల్వే స్టేషన్ సంభాషణ మళ్లీ రాకుంటే చాలు.

'కట్టకుంటే ఏం తిందురు' అన్న ఆ అమ్మాయి చర్చికి వెళ్లొచ్చిన మర్నాడు క్లాసులో చెయ్యెత్తింది. రాత్రి నానమ్మను అడిగిందట. నానమ్మ మామ ఆ గోపురానికి రాళ్లు మోశాడట, పైసలు గాదట, తిండి పెట్టిన్రట. ఇదంతా ఇంగ్లిష్‌లో, ఆగి ఆగి, చెమటలు పట్టి చెప్పింది. 'మై గ్రాండ్‌మదర్ టోల్డ్' అనేసరికే కొందరు చప్పట్లు కొట్టారు.

వెనక బెంచీ వాడు, తెలుగుల గూడ తెల్వదన్న వాడు, లేచి నిలబడ్డాడు.

"సెడ్, ఆర్ రిటెన్?"

ఆమె ఒక క్షణం నా వైపు చూసింది. తర్వాత వాడి వైపు తిరిగి, "నౌ ఐ విల్ రైట్," అంది.